వేపమండ గుర్తు

28-9-86, ఆదివారం

ఈ డైరీ జనవరిలో ఆఫీసులో ఇచ్చారు. తొమ్మిది నెలలుగా మా ఆవిడ సంతోషకుమారి దీని మీద పాలగిన్నె దించుతోంది. అట్ట మీద నాలుగు వలయాలు పడ్డాయి. ఇవాళ్టి నుంచి దీనికి వేరే పని పెడుతున్నాను.

సాయంత్రం అంకమ్మరావుగారింట్లో సైకిల్ జట్టు కూడింది. ఏడుగురం. ఆయన బ్యాంకులో హెడ్ క్లర్కు, మా జట్టుకి సెక్రటరీ. ఎవరు ఎన్నుకున్నారో మాకు తెలియదు గాని, మినిట్స్ పుస్తకం ఆయన దగ్గరే ఉంది. గుంటూరంటే మిరపకాయలూ ఎండా తప్ప ఏమీ లేవనుకునేవాళ్ల కోసం కొండలూ చెరువులూ చూపించే సైకిల్ దారులు ఐదు తయారుచేసి, దారికో పటం కార్డు అచ్చు వేయిద్దామని తీర్మానం. కొండవీడు, కోటప్పకొండ, వినుకొండ, అద్దంకి వైపు ఒకటి, చివరిది మూడు రోజుల దారి, కంభం చెరువు దాకా. పటాలు గీసే పని నాది. మరి ఇరిగేషన్ ఆఫీసులో పటాలు దించే ట్రేసర్‌ని నేనే గదా.

ఒక నియమం కూడా పెట్టారు. మొన్న ఏప్రిల్‌లో కోటప్పకొండ వెళ్లినప్పుడు పటంలో బావి అని రాసిన చోట ఎండిపోయిన గొయ్యి కనబడింది. దోసకాయలు కొరుక్కుంటూ ఇళ్లు చేరాం. అందుకని ఇకమీదట పటం గీసినవాడు సైకిల్ మీద వెళ్లి చూడాలి, నీళ్లున్న చోట తాగి చూడాలి. కార్డు అడుగున ‘స్వయంగా చూసి, తాగి రాసినది’ అని సంతకం పెట్టాలి.

‘‘ఒరేయ్ జక్రయ్యా, ఇన్నాళ్లూ ఇంకులో ముంచావు కలం. ఇప్పుడు నిన్నే ముంచుతున్నారు నీళ్లలో’’ అన్నాడు రంజాన్. వాడికి నల్లపాడు గేటు దగ్గర సైకిల్ షాపు. నాలుగో తరగతి నుంచి వాడూ నేనూ ఒకే బెంచీ. జట్టులో ఏ సైకిల్ కిర్రుమన్నా వాడే దిక్కు.

3-10-86

కొండవీడు దారి మొదలుపెట్టాను. ఆఫీసు పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి కొండ చుట్టూ గీతలు దించుతుంటే చెయ్యి దానంతట అదే పోతోంది. పదహారేళ్లుగా గీస్తున్నాను. చెరువులు గీశాను, కాలవలు గీశాను, వాటిలో ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు. ట్రేసరు ఊరు చూడక్కర్లేదు. కింద ఉన్న గీత మీద పైన గీత పడితే చాలు.

11-10-86, రెండో శనివారం

కాళ్లు కొయ్యలయ్యాయి. అయినా రాయాలి.

తెల్లవారి బయల్దేరాను. పేరేచర్ల దాటాక రోడ్డుకి అటూ ఇటూ పత్తి నడుం ఎత్తుంది. ఫిరంగిపురం దాకా గాలి నా వైపే. కొండవీడు కొండ ఒక్కసారిగా కనబడదు, మలుపు మలుపుకీ కొంచెం కొంచెంగా కనిపిస్తుంది. ‘ఈ మలుపు దగ్గర దిగి నడవండి’ అని కార్డులో రాయాలి. ఎక్కి తొక్కితే ఆ అందం పోతుంది.

తిరుగు దారి జువ్విపాడు మీదుగా పెట్టాను. ఊరికి అర మైలు ఇవతల రోడ్డు పక్కన తాటాకు పాక. పున్నమ్మ అనే పెద్దావిడ టీ, మజ్జిగ అమ్ముతుంది. మజ్జిగ మట్టికుండలో, గుంటూరులో అట్లాంటిది దొరకదు. నా సీసా కూడా మంచినీళ్లతో నింపి ఇచ్చింది. ‘‘ఏ ఊరు నాయనా? దేనికొచ్చావు?’’ అంది. కొండలు చూడటానికి అన్నాను. ‘‘కొండలేముందిలే, ఎప్పుడూ అక్కడే ఉంటాయి’’ అంది. ఇంకా ఏవో మాటలు చెప్పింది.

పాక దాటాక కుంట. ఇంత అందం నా దారిలో ఇంకెక్కడా లేదు. సాయంకాలప్పూట కొండ మొత్తం తలకిందులుగా నీళ్లలో దిగి ఉంది. అద్దంలో బొట్టు పెట్టుకోవడానికి వంగిన మనిషిలా ఉంది. గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాను. రేవు దగ్గర కర్ర పాతి, పసుపు రాసి, వేపమండ కట్టి ఉంది. ఏ పోలేరమ్మ మొక్కో. యేసుని నమ్ముకున్న ఇల్లు మాది, వేపమండ కనబడితే తల పక్కకి తిప్పుకోమని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. రేవులోకి దిగలేదు. దిగకపోయినా నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో గట్టు మీదికే తెలుస్తోంది.

12-10-86

కార్డు పూర్తయింది. బాగా వచ్చింది. జువ్విపాడు కుంట దగ్గర చిన్న నీలి గిన్నె గుర్తు వేసి, ‘తియ్యని నీరు. సీసాలు నింపుకోవచ్చు’ అని రాశాను. ఆ దారిలో కొండ దిగాక జట్టు మొత్తానికి సరిపడా నీళ్లకి ఇంకో చోటు లేదు. అది లేకపోతే దారి తేలిపోతుంది.

సంతకం చేశాను. కొండ నీళ్లు దిగే కుంట, తియ్యగా కాక ఇంకెట్లా ఉంటాయి.

13-10-86

రంజాన్ చక్రం బెండు తీస్తూ కార్డు చూశాడు. ఒక చేత్తో రిమ్ము తిప్పుతూ, రెండో చేత్తో ఏ పుల్ల బిగించాలో చూడకుండానే పట్టుకుంటాడు. ‘‘తాగి రాశావురా?’’ అన్నాడు. ‘‘సంతకం కనబడట్లా?’’ అన్నాను.

8-11-86, రెండో శనివారం

తెల్లవారుజాము. నాలుగున్నర. సంతోషకుమారి పులిహోర కడుతోంది. ఇవాళ ఏడు సైకిళ్లు. సాయంత్రం వచ్చి అంతా రాస్తాను.

9-11-86

ఆసుపత్రి.

10-11-86

రంజాన్‌కి ఇంకా తెలివి రాలేదు.

12-11-86

ఇవాళ కళ్లు తెరిచాడు. పెళ్లాం కరీమున్‌ని గుర్తుపట్టాడు. నన్నూ గుర్తుపట్టాడు. ప్రభువా.

ఇప్పుడు రాస్తాను, ఉన్నదున్నట్టు.

మధ్యాహ్నం పున్నమ్మ పాక దగ్గర ఆగాం. అందరం టీ తాగాం. రంజాన్ ఒక్కడే మజ్జిగ అడిగాడు. అక్కణ్నుంచి కుంట గట్టుకి వెళ్లాం. అంకమ్మరావుగారు ఫొటో కోసం అందరినీ ఎత్తులవారీగా నిలబెడుతున్నారు. ఆయన చెయిన్ అంతకుముందే ఊడితే రంజాన్ ఎక్కించాడు, వాడి చేతులకి నల్లటి జిడ్డు. రేవులోకి దిగి చేతులు కడుక్కున్నాడు, ముఖం కడుక్కున్నాడు, దోసిలి పట్టి తాగాడు, సీసాతో మళ్లీ తాగాడు. పొద్దుటి నుంచీ నోట్లో కిళ్లీ, వాసనేదైనా ఉన్నా వాడికి తెలియదు. పావుగంటలో వాంతులు. తర్వాత నోటి వెంట చొంగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం. పత్తి బేళ్లు తీసుకెళ్తున్న లారీ ఆపి ఎక్కించాం.

డాక్టరు టార్చి వేసి కళ్లు చూసి, ‘‘పురుగుమందు. ఇంట్లో ఏమన్నా గొడవలా?’’ అన్నారు. కరీమున్ గోడకి ఆనుకుని కూలబడింది. అంకమ్మరావుగారికి కోపం వచ్చింది. ‘‘కాదండి. మాతోనే ఉన్నాడు. దారిలో మజ్జిగ తాగాడు’’ అన్నారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి అడిగారు.

‘‘జక్రయ్యా, కుంట నీళ్లు కూడా తాగాడు. నెల కిందట నువ్వూ తాగావు గదా? నీకేం కాలేదుగా?’’

‘‘కాలేదండి’’ అన్నాను.

అంతే అన్నాను. నాకేమీ కాలేదన్న మాట నిజమే గదా.

13-11-86

నిన్న ఉన్నదున్నట్టు రాస్తానని రాయలేదు. వాడు దోసిలి పట్టి తాగుతుంటే గట్టు మీద నిలబడి చూస్తున్నాను. ‘‘ఎట్లా ఉన్నాయిరా?’’ అని అడిగాను కూడా. ‘‘నువ్వే రాశావుగా తియ్యగా ఉంటాయని’’ అన్నాడు. నవ్వాను.

15-11-86

డాక్టరు ప్రాణానికి భయం లేదన్నారు. చేతులు వణుకుతున్నాయి. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నారు.

19-11-86

అంకమ్మరావుగారు జువ్విపాడు వెళ్లొచ్చారు, కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని. ‘‘పురుగుమందు డబ్బాలో మజ్జిగ చిలికి అమ్ముతోంది ముసలిది. ఇంకెంతమంది పోవాలి?’’ అంటున్నారు. ఊరి పెద్దల ఎదుట పున్నమ్మ, ‘‘కుంట నీళ్లేమన్నా తాగాడేమో చూడండయ్యా’’ అందట. అప్పుడు ఈయన జేబులోంచి నా కార్డు తీసి చూపించారట. ‘‘ఇదుగో, మా జక్రయ్య నెల ముందే తాగి సంతకం పెట్టాడు. ఇరిగేషన్ ఆఫీసు మనిషి, నీళ్ల సంగతి తెలిసినవాడు.’’

ఇంకేముంది. మర్నాడు పాక పీకేశారు. కుండ పగలగొట్టారు.

అది మట్టికుండ. నేను చూశాను. డబ్బా కాదు. ‘‘మట్టికుండండి అది’’ అనడానికి రెండు మాటలు చాలు. అవి అనకుండానే అంకమ్మరావుగారింట్లో టీ తాగి వచ్చేశాను.

20-11-86

తర్కించి చూస్తే నా తప్పు ఎంత? మజ్జిగలోనే ఏమన్నా ఉందేమో. నెల రోజుల్లో కుంటలో ఏమన్నా జరిగిందేమో. నేను తాగి ఉన్నా ఆ రోజుకి బాగానే ఉండేవేమో. అలాంటప్పుడు తాగినా తాగకపోయినా ఒకటే.

21-11-86

ఒకటే కాదు.

26-11-86

రంజాన్‌ని ఇంటికి తీసుకొచ్చారు. చూడ్డానికి వెళ్లాను. జనం వస్తున్నారు, పోతున్నారు. ఆసుపత్రిలో డాక్టరన్న మాట పేటంతా పాకింది. పక్కింటి జైతున్‌బీ కరీమున్ వినేటట్టే, ‘‘మొగుడూ పెళ్లాం బాగానే ఉన్నట్టుండేవాళ్లే’’ అంది. కరీమున్ లేచి, ‘‘మజ్జిగ తాగినందుకొచ్చిందంటే అర్థం కావట్లేదా నీకు’’ అని గట్టిగా అరిచింది. ఆ మజ్జిగ మాటని ఆ పిల్ల రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది. ఇప్పుడు దాన్ని నేను లాగేస్తే? అందుకే చెప్పడం లేదు. కరీమున్ కోసమే.

రాసి చదువుకుంటే నాకే సిగ్గేసింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నా వ్యవహారం.

30-11-86

షాపు తెరిచాడు. నా సైకిల్ చక్రానికి బెండు ఉంటే తీస్తానన్నాడు. రిమ్ము తిప్పుతూ పుల్ల పట్టుకోబోతే వేళ్లు పక్క పుల్ల మీద పడ్డాయి. మళ్లీ తిప్పాడు. మళ్లీ పక్క పుల్ల. ‘‘చలికి’’ అన్నాడు. ఎండ నడినెత్తిన ఉంది.

‘‘ఉండనీరా, బెండు అంతగా లేదులే’’ అన్నాను. ‘‘నాకు తెలీదా ఎంతుందో’’ అని విసుక్కున్నాడు. ఎప్పుడూ విసుక్కోనివాడు. చక్రం ఇంకా వంకరగా చేసి ఇచ్చాడు. తొక్కుకుంటూ వచ్చాను, ప్రతి తిప్పుకీ బ్రేకు కట్టకి తగులుతూనే ఉంది.

7-12-86, ఆదివారం

ఇవాళ గుళ్లో ప్రభువు సంస్కారం. పాస్టరుగారు ద్రాక్షరసం గిన్నె అందరికీ ఇస్తూ నా దాకా వచ్చారు. నోటి దగ్గర పెట్టారు. పాపం దాచుకుని తాగకూడని గిన్నె అది, తల అడ్డంగా ఊపాను. ఆయన పక్కవాళ్ల దగ్గరికి వెళ్లారు.

ఇంటికొచ్చి అన్నం వడ్డించాక సంతోషకుమారి అడిగింది. ‘‘ఏం చేశారండీ?’’

‘‘ఏం చేశానని?’’

‘‘రాత్రుళ్లు దొర్లుతున్నారు. ఆ కార్డు చూసినప్పుడల్లా బోర్లిస్తున్నారు. మీ దగ్గర ఏదో ఉంది.’’

చెప్పేశాను. కుంటలో దిగనేలేదని, తాగనేలేదని. ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు. నా కంచంలో చెయ్యి అలాగే ఉంటే, ‘‘ముందు తినండి. తిని ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లండి’’ అంది. ఇవాళ వెళ్లలేకపోయాను. వచ్చే ఆదివారం.

14-12-86

వెళ్లలేదు. వంకర చక్రం సాకు దొరికింది.

21-12-86, ఆదివారం

వెళ్లాను.

పాక ఉన్న చోట నాలుగు గుంటలూ, బొగ్గులూ మిగిలాయి. కుంట దగ్గరికి వెళ్తే రేవులో ఒకాయన వీపు మీది మందు కొట్టే పంపు దించి నీళ్లలో ముంచి కడుగుతున్నాడు. రేవు పక్కన తెల్లగా నురగ. ముక్కు మండింది. కర్రకి పాత మండ తీసేసి పచ్చి మండ కట్టాడు, పసుపు పూశాడు. పేరు బుల్లయ్య అన్నాడు.

‘‘ఇది ఏ అమ్మవారికండీ?’’ అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ‘‘అమ్మవారేందయ్యా. పత్తి మీద మందు కొట్టే రోజుల్లో పంపులు కడగటానికి ఈ కుంట వదిలేసుకున్నాం. గొడ్డూ గోదా దిగకుండా, తెలియనోళ్లు తాగకుండా మండేస్తాం. మండ ఎండితే మళ్లీ పచ్చిది కడతాం.’’

‘‘మరి పసుపు?’’

‘‘పసుపు లేకపోతే బయటి ఊళ్ల పశువుల కాపర్లు కర్ర పీకేసి పొయ్యిలో పెట్టుకుంటారు. పసుపు రాస్తే దేవతేమోనని ముట్టుకోరు. మా ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు. కానిస్టేబుల్ వచ్చిన రోజు, కేసు ఊరి మీదికొస్తుందని మా పెద్దలే ఆ మాట ఎత్తలా.’’

కాపరులు మోసపోవడానికి పూసిన పసుపు. దానికి నేను మోసపోయాను. ట్రేసరుని, విశ్వాసిని, మొక్కుల జోలికి పోనివాణ్ని.

పున్నమ్మ అవతలి చేలో పత్తి తీస్తోంది. ఒడి నిండా పత్తి. నన్ను చూసి గుర్తుపట్టింది. చేను గట్టున, గెనెం మీద నిలబడి చెప్పాను. నేను తాగలేదమ్మా, తాగానని అబద్ధం రాశాను, నీ మజ్జిగకి ఏ పాపం తెలియదు అన్నాను. ఆవిడ పత్తి తీయడం ఆపలేదు.

‘‘చెప్పాను గదా నాయనా ఆ రోజే. కుంటకి మండేశారు, సీసా ఇక్కడే నింపుకోమని చెప్పలా? నువ్వే ఏదో అన్నావు.’’

అన్నాను. అక్టోబర్ పదకొండున ఈ డైరీలో ‘ఇంకా ఏవో మాటలు చెప్పింది’ అని రాసి వదిలేసిన చోట ఆ మాటలున్నాయి. ‘‘కుంటకి మండేశారు నాయనా’’ అని ఆవిడంటే, నేను నవ్వి, ‘‘మేం యేసుప్రభువుని నమ్ముకున్నవాళ్లం, మాకు మండల పట్టింపు లేదమ్మా’’ అన్నాను. గొప్ప జవాబు చెప్పానని దారంతా మురిసిపోయాను కూడా. విన్నాను. విని రాయలేదు.

‘‘పాక మళ్లీ వేయిస్తానమ్మా. అందరి ముందూ చెబుతాను’’ అన్నాను.

‘‘పాకకేముంది, నాలుగు తాటాకులు. డబ్బాలో మజ్జిగ అమ్మిందన్నారే, ఆ మాట తీయించు’’ అంది. అప్పుడు తలెత్తి చూసింది. ‘‘ఆ పిల్లోడు ఎట్టా ఉన్నాడు? కుండ అడుగున మిగిలిందంతా వాడికే పోశాను, ఎండనపడి వచ్చాడని.’’

22-12-86

ఆఫీసుకి సెలవు పెట్టి రంజాన్ షాపుకి వెళ్లాను. పంక్చర్ వేస్తున్నాడు. ఆ పని చేయగలుగుతున్నాడు. స్టూలు లాక్కుని కూర్చుని మొత్తం చెప్పాను. సీసా సంగతి కూడా. లారీ ఎక్కించేటప్పుడు వాడి సీసాలో మిగిలిన కుంట నీళ్లు గట్టు మీద పారబోసింది నేనే. సీసా బరువు తగ్గుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నాళ్లూ ఇక్కడ కూడా రాయలేదు.

వాడు ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తూ కూర్చున్నాడు. తిడతాడని, కొడతాడని, పంపు విసురుతాడని అనుకుంటూ కూర్చున్నాను. ఏదో ఒకటి చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

‘‘మండ నేనూ చూశాన్రా’’ అన్నాడు.

బుడగలొచ్చిన చోట వేలు పెట్టి నొక్కాడు.

‘‘మా అత్తగారూళ్లో పత్తి రోజుల్లో అట్టాగే పాతుతారు. పసుపు రాస్తారు. రేవులో దిగుతూనే చూశా. తాగకూడదని తెలుసు నాకు.’’

‘‘మరి ఎందుకు తాగావురా?’’

తొట్టిలోంచి చెయ్యి బయటికి తీశాడు. వణుకుతోంది. తుడుచుకోలేదు.

‘‘నువ్వు తాగానని సంతకం పెట్టావుగా. జక్రయ్య తాగాడంటే ఇది పాత మండ అయ్యుంటుంది, తీయడం మర్చిపోయుంటారు అనుకున్నా.’’

28-12-86, ఆదివారం

జట్టు కూడింది. నిలబడి చెప్పాను. అంకమ్మరావుగారు మినిట్స్ పుస్తకంలో రాస్తూ మధ్యలో కలం ఆపారు. ‘‘ఆవిడ ముందు నీ కార్డు పట్టుకుని నిలబడ్డాను కదయ్యా’’ అన్నారు. నన్ను తిట్టలేదు. కొత్త సంవత్సరం రోజున ఏడుగురం జువ్విపాడు వెళ్లి, ఊరి పెద్దల ముందు ఆ డబ్బా మాట వెనక్కి తీసుకుని, పాక వేసి రావాలని తీర్మానం. మొదటి పేరు ఆయనే రాసుకున్నారు. కరీమున్‌కి నేనే చెప్పాను, డాక్టరన్న ఇంటి గొడవల మాటకీ రంజాన్‌కీ సంబంధం లేదని జైతున్‌బీ వినేటట్టు. కరీమున్ తలుపు వేసుకుంది.

తాటాకులు మోసే సైకిల్ నాది. చక్రం ఇంకా వంకరే. వేరే షాపులో బాగుచేయించను.

సాయంత్రం కొండవీడు కార్డు ట్రేసింగు తీసి దిద్దాను. కొండ గీతలు పాతవే. నీలి గిన్నె బ్లేడుతో గీకేశాను. పటాల్లో గుడికీ మసీదుకీ బావికీ గుర్తులున్నాయి. మండకి లేదు. నేనే ఒకటి వేశాను, నిలువు గీత, దానికి అటూ ఇటూ మూడేసి ఆకులు. అడుగున గుర్తుల పట్టీలో దాని ఎదురుగా రాశాను:

‘మండ. ఇక్కడ నీళ్లు తాగకూడదు. ఈ సంగతి జువ్విపాడు పున్నమ్మగారు 11-10-86న చెప్పారు. గీసినవాడు విన్నాడు, రాయలేదు.’

దాని కింద సంతకం చేశాను.